ఓడెక్కిన ఇటుక, ఓడెక్కిన మనిషి

మట్టి, శ్రమ, కులం అంటూ మొదలుపెట్టిన ఈ వరుసలో ఇవాళ ఇటుక గురించి. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

అంతర్జాతీయ వ్యాపారం అనగానే మనకి మిరియాలు, పట్టు, నూలు బట్ట, నీలిమందు, పెట్రోలు గుర్తొస్తాయి. ఇటుక గుర్తుకు రాదు. పాఠ్యపుస్తకాల్లో పట్టు దారి ఉంది గానీ ఇటుక దారి లేదు. దానికి కారణం చిన్నదే. ఇటుక బరువు ఎక్కువ, ఖరీదు తక్కువ. ఒక్కో ఇటుక సుమారు 3 కిలోలు. వెయ్యి ఇటుకలంటే 3 టన్నులు. కొంత దూరం పోయాక లారీ కిరాయే ఇటుక ధరని మింగేస్తుంది. అందుకే ఏ దేశంలోనైనా ఇటుక చాలావరకు పుట్టిన చోటికి దగ్గర్లోనే గోడవుతుంది. ఊరు పెరిగే కొద్దీ బట్టీలు ఆ ఊరి శివారుకి జరుగుతూ పోతాయి.

మరి ఇటుక కదలకపోతే ఏది కదిలింది? ఇటుక చేసే మనిషి కదిలాడు. ఇటుక వ్యాపార చరిత్ర అంటే చాలావరకు ఇటుక చేసే చేతుల్ని కొన్న చరిత్ర. ఇటుక నిజంగానే సముద్రం దాటిన కొన్ని సందర్భాల్లో కూడా, దాని పక్కనే అప్పుతోనో సంకెళ్లతోనో ఒక మనిషి కనబడతాడు. ఈ వ్యాసంలో ఆ మనిషినే వెతుకుదాం.

1. ఓడ అడుగున

ఇటుక మొదట్లో సరుకుగా కంటే బరువుగా ఎక్కువ ఓడెక్కింది. తెరచాప ఓడ ఖాళీగా బయల్దేరితే గాలికి ఒరిగిపోతుంది. నిలకడ కోసం అడుగున రాళ్లో ఇసకో వేస్తారు. దాన్ని బ్యాలస్ట్ అంటారు. యూరప్ నుంచి వలస దీవులకి పోయే ఓడల్లో పోయేటప్పుడు సరుకు తక్కువ, వచ్చేటప్పుడు చక్కెర, రమ్ము నిండుగా ఉండేవి. రాళ్ల బదులు ఇటుకలు వేసుకుపోతే అక్కడ దించి అమ్ముకోవచ్చన్నది వర్తకుడి లెక్క. డచ్చివాళ్లు తమ చిన్న ఇటుకల్ని ఇలాగే సురినామ్‌కీ పశ్చిమాఫ్రికా తీరానికీ మోసుకెళ్లారు.

ఈ లెక్క బాగా కనబడే చోటు ఫ్లెన్స్‌బర్గ్. ఇవాళ జర్మనీలో ఉంది గానీ 1864 దాకా డెన్మార్క్ రాజు పాలనలో ఉన్న రేవు పట్నం. దాని చుట్టుపక్కల బట్టీల్లో కాల్చిన పసుప్పచ్చ ఇటుకలు కరీబియన్‌లోని సెయింట్ క్రోయి దీవికి వెళ్లేవి. ఆ దీవిని డెన్మార్క్ 1733లో ఫ్రాన్స్ దగ్గర కొన్నది. అక్కడి కోటలు, గోదాములు, చక్కెర మిల్లులు కట్టడానికి ఈ ఇటుకలు వాడారు. క్రిస్టియన్‌స్టెడ్ పట్నంలో ఆ పసుపు ఇటుకలు ఇప్పటికీ కనబడతాయి. ఇటుకలు దించిన ఓడ చక్కెర నింపుకుని వెనక్కి పోయేది.

ఆ చెరకు నరికింది ఎవరు? ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులు. డెన్మార్క్ జెండా కింద సుమారు లక్ష మందిని అట్లాంటిక్ దాటించారు. ఇటుకని కిందికి దించింది వాళ్లే, గోడ కట్టింది వాళ్లే, ఆ గోడల మధ్య చెరకు రసం కాచిందీ వాళ్లే.

ఇందులో మన తీరం ఎక్కడుందని అడగొచ్చు. ఉంది. డెన్మార్క్‌వాళ్లు 1620లో తరంగంబాడిలో కోట కట్టుకున్నారు, 1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేసేదాకా అక్కడే ఉన్నారు. కోరమాండల్ తీరపు నూలు బట్టని యూరప్ కంపెనీలు పశ్చిమాఫ్రికాలో మనుషుల్ని కొనడానికి మారకంగా వాడాయి. వర్తకుల పుస్తకాల్లో దానికి గినీ బట్ట అని పేరే పడిపోయింది. బట్ట ఇచ్చి మనిషిని కొన్నారు, మనిషి చేత చక్కెర తీయించారు, చక్కెర కోసం వెళ్లే ఓడలో ఇటుక వేశారు. తెలుగు నేల మీద ముతక బట్ట నేసినవాళ్లలో మాలలూ ఉన్నారన్నది మనకి తెలిసిన చరిత్రే. కంపెనీ పుస్తకాల్లో బట్ట గజాలు ఉంటాయి, నేసినవాడి ఊసు ఉండదు.

1848 జూలై 3న సెయింట్ క్రోయిలో బానిసలు తిరగబడ్డారు. గవర్నర్ పీటర్ వాన్ షోల్టెన్ ఆ రోజే విడుదల ప్రకటించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే, 1849లో, కొత్త కూలి చట్టం వచ్చింది. ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టాలి, మధ్యలో వదిలి పోకూడదు. బానిసత్వం పోయి ఒప్పందం వచ్చిందన్నమాట. దాన్ని తట్టుకోలేక 1878లో కూలీలు తోటలు తగలబెట్టారు. ఈ ఒప్పందం అన్న మాటని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

2. ఇటుకకి పతకం, ఖైదీకి సంకెల

తూర్పు వైపు సముద్రానికి వద్దాం. సింగపూర్ 1825 నుంచి 1873 దాకా భారతీయ ఖైదీల ద్వీపాంతరవాస స్థలం. బెంగాల్, మద్రాస్, బొంబాయి ప్రెసిడెన్సీల నుంచి పంపిన మనుషులు అక్కడ అడవి నరికారు, రోడ్లు వేశారు, బట్టీలు పెట్టి ఇటుకలు చేశారు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ కట్టింది ఖైదీల చేతులే. లోపలి గోడలకి పూసిన నున్నని సున్నం పేరు మద్రాస్ చూనం. ఆ ఖైదీలు చేసిన ఇటుకల్ని 1867లో ఆగ్రా ప్రదర్శనకి పంపితే పతకం వచ్చింది. ఇటుక స్వదేశం చేరి బహుమతి తెచ్చుకుంది. దాన్ని చేసినవాళ్లు సింగపూర్‌లోనే శిక్ష అనుభవిస్తున్నారు.

అండమాన్ సెల్యులర్ జైలు కథ ఇంకో రకం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు రెక్కలు, 698 గదులు. దానికి కావాల్సిన ఇటుకలు బర్మా నుంచి ఓడల్లో తెచ్చారు. కట్టినవాళ్లు ఖైదీలే. తమని బంధించే గది గోడని తామే కట్టుకున్నారు. ఆ దీవులకే 1922-24 రంపా పోరాటంలో పట్టుబడ్డ మన్యం ఆదివాసీల్ని కూడా కొందర్ని పంపారు.

బర్మా నుంచి ఇటుక పడమటికి వచ్చిన ఆ కాలంలోనే మన మనుషులు తూర్పుకి పోతున్నారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడ డెక్కు మీద కిక్కిరిసి కూర్చుని రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలు. కోరంగి రేవు పేరు మీద వాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. అదో తిట్టు కూడా. బియ్యం మిల్లుల్లో, కోత మిల్లుల్లో, రేవులో సరుకులెత్తే పనిలో, పాకీ పనిలో వాళ్లే. అందులో మాల మాదిగలు చాలామంది. వాళ్లని తీసుకుపోయింది మేస్త్రీ. ఓడ చార్జీ, ఇంటి దగ్గర ఇచ్చి పోవాల్సిన డబ్బు ముందే చేతిలో పెట్టి, అక్కడికి పోయాక కూలిలోంచి కోసుకునేవాడు. అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటే పని. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి వంద మందికి పైగా చనిపోయారు. పొట్టకూటి కోసం పోయినవాళ్లని అక్కడి పేదలకి పోటీగా నిలబెట్టి, రెండు వైపులా కూలి తగ్గించింది యజమానులే.

సెయింట్ క్రోయిలో సంతకం చేసిన ఒప్పందం, రంగూన్‌లో మేస్త్రీ అప్పు. రెండిటి పనీ ఒకటే. మనిషి లేచి పోకుండా చూడటం.

3. బెడ్‌ఫర్డ్‌కి పోయిన కులం

ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఇటుక కదల్లేదు, చేతులే కదిలాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి కూలిన ఇంగ్లండ్ మళ్లీ ఇళ్లు కట్టుకోవాలి. బెడ్‌ఫర్డ్ దగ్గర స్టూవర్ట్‌బీలో ఉన్న బట్టీలు ఉచ్ఛదశలో ఏడాదికి 50 కోట్ల ఇటుకలు తీసేవి. కానీ ఆ వేడిలో, ఆ దుమ్ములో పనిచెయ్యడానికి ఇంగ్లీషువాళ్లు ముందుకు రాలేదు. లండన్ బ్రిక్ కంపెనీ 1951 నుంచి దక్షిణ ఇటలీ పల్లెల్లోంచి వేలమంది మగవాళ్లని ఒప్పందాల మీద తీసుకొచ్చింది. తర్వాత కరీబియన్ నుంచి, మన పంజాబు నుంచి, పాకిస్తాన్ నుంచి వచ్చారు.

పంజాబు నుంచి వెళ్లినవాళ్లలో చమార్లు, అంటే రవిదాసియాలు కూడా ఉన్నారు. ఇవాళ బెడ్‌ఫర్డ్‌లో గురు రవిదాస్ పేరుతో వాళ్ల మందిరం ఉంది. పక్కన గురుద్వారాలుండగా వేరే మందిరం ఎందుకు కట్టుకోవాల్సి వచ్చిందో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషితో పాటు కులమూ ప్రయాణం చేసింది. కుల వివక్షని సమానత్వ చట్టం కిందికి తేవాలని 2013లో బ్రిటన్ పార్లమెంటు ప్రభుత్వానికి చెప్పింది. 2018లో ప్రభుత్వం ఆ పని చెయ్యనని వెనక్కి తగ్గింది.

స్టూవర్ట్‌బీ బట్టీ 2008లో మూతపడింది. అదే ఏడాది మొదలైన ఆర్థిక మాంద్యంలో బ్రిటన్‌లో ఇంకా చాలా బట్టీలు ఆగిపోయాయి. కొన్నేళ్లకి ఇళ్ల నిర్మాణం మళ్లీ ఊపందుకునేసరికి ఇటుకల కరువొచ్చింది. దాంతో దిగుమతులు పెరిగాయి. బ్రిటన్ తెచ్చుకునే ఇటుకల్లో అత్యధికం నెదర్లాండ్స్, బెల్జియం లాంటి పక్క దేశాలవే. కానీ 2010ల చివరి ఏళ్లలో పాకిస్తాన్ నుంచి, భారత్ నుంచి కూడా ఇటుకలు ఓడెక్కి అక్కడికి చేరాయి. ఒకప్పుడు మనుషుల్ని రప్పించుకున్న దేశం ఇప్పుడు ఆ మనుషుల సోదరులు సొంత నేల మీద చేసిన ఇటుకల్ని రప్పించుకుంటోంది. చేత్తో చేసిన ఇటుక అంటే అక్కడ గిరాకీ ఎక్కువ. ఎవరి చేత్తో అన్నది వేరే ప్రశ్న.

4. ఒక టెలిగ్రామ్

1988 జూలై 30న పాకిస్తాన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక టెలిగ్రామ్ వెళ్లింది. పంపింది దర్శన్ మసీహ్, మరికొందరు ఇటుక బట్టీ కూలీలు. సారాంశం ఇది. కోర్టు తమని వెట్టి నుంచి విడిపించింది. ఆ తర్వాత యజమానులు తమలో కొందర్ని ఎత్తుకుపోయారు. ఆడవాళ్లకీ పిల్లలకీ ప్రమాదం ఉంది. తిండి లేకుండా దాక్కుని బతుకుతున్నారు. కాపాడమని అడిగారు. కోర్టు ఆ టెలిగ్రామ్‌నే పిటిషన్‌గా తీసుకుంది. ఆ కేసు ఫలితంగానే 1992లో పాకిస్తాన్‌లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది.

మసీహ్ అన్న పేరు పంజాబు క్రైస్తవుల పేరు. వాళ్లలో ఎక్కువమంది 1870ల తర్వాత క్రైస్తవంలోకి వెళ్లిన చూహ్డా కులం వాళ్ల వారసులు. చూహ్డాలంటే పాకీ పని కట్టబెట్టిన అంటరాని కులం. దేశం విడిపోయింది, మతం మారింది, జెండా మారింది. బట్టీ దగ్గర మట్టి తొక్కే కుటుంబం మారలేదు. సింధు వైపు పోతే అదే పనిలో కోహ్లీ, భీల్, మేఘ్వార్ కులాల హిందూ దళితులు కనబడతారు. 2014 నవంబరులో పాకిస్తాన్ పంజాబులో ఒక క్రైస్తవ బట్టీ కూలీ దంపతుల్ని దైవదూషణ నింద మోపి మూక కొట్టి, వాళ్లు పనిచేసే బట్టీ మంటల్లోనే వేసింది.

అక్కడ అడ్వాన్సుని పేష్గీ అంటారు. అది ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందో తెలియాలంటే బట్టీ ఎలా పనిచేస్తుందో చూడాలి. మన దేశంలో, పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో ఎక్కువగా కనిపించే పొడుగు కందకం బట్టీని 1876లో విలియం బుల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపొందించాడు. అందులో ఒకసారి రాజేసిన నిప్పు సీజన్ అయ్యేదాకా ఆరదు. కందకం చుట్టూ రోజుకి కొంచెం కొంచెం జరుగుతూ పోతుంది. ముందువైపు పచ్చి ఇటుక పేర్చుతూ ఉండాలి, వెనకవైపు కాలిన ఇటుక తీస్తూ ఉండాలి. పచ్చి ఇటుక అందకపోతే నిప్పు ఆగుతుంది, బొగ్గు వృథా, యజమానికి నష్టం. అందుకని అచ్చు పోసే కుటుంబం ఒక్క రోజు కూడా మానకూడదు, మధ్యలో వేరే చోటికి పోకూడదు. దానికి మంచి కూలి ఇచ్చి ఆపుకోవచ్చు. అప్పుతో కట్టెయ్యడం అంతకంటే చవక. నిప్పు ఆరకుండా ఉండటానికయ్యే ఖర్చుని ఇలా కూలీ మెడకి చుట్టారు.

5. పుస్తకంలో లెక్క

దూరదేశం కథ అనుకోకండి. హైదరాబాద్ చుట్టూ, పెద్దపల్లి చుట్టూ బట్టీల్లో మట్టి తొక్కేవాళ్లలో చాలామంది పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తారు. దళితులు, ఆదివాసీలు, భూమి లేని బీసీలు. వానాకాలం చివర్లో నువాఖాయ్ పండగ సమయానికి ఇంట్లో గింజలుండవు. అప్పుడు సర్దారు అడ్వాన్సు తెస్తాడు. దసరా దాటాక కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కితే మళ్లీ ఊరు చూసేది వానలొచ్చే ముందే.

అడ్వాన్సు మనిషికి ఇవ్వరు, పథురియాకి ఇస్తారు. పథురియా అంటే ఒక మగ, ఒక ఆడ, ఒక పిల్లవాడు కలిసిన జట్టు. పిల్లవాడు లెక్కలో ఉన్నాడు చూశారా? పచ్చి ఇటుకల్ని తిరగేసి ఎండబెట్టాలంటే తేలిక కాళ్లు కావాలి. పెద్దవాళ్లు తొక్కితే వరస పాడవుతుంది. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. విరిగినవి తీసేస్తారు, వానకి కరిగినవి తీసేస్తారు. వారం వారం బియ్యానికీ నూనెకీ ఇచ్చే ఖర్చీని అప్పులో కలుపుతారు. లెక్క రాసేది యజమాని మనిషి. సీజన్ చివర్లో పుస్తకం తెరిస్తే ఇంకా బాకీ ఉన్నట్టు తేలొచ్చు.

ఆ బాకీ ఎంత దూరం పోతుందో 2013 డిసెంబరులో దేశం చూసింది. ఆంధ్రప్రదేశ్‌లో పని అని చెప్పి అడ్వాన్సిచ్చిన కూలీలు దారిలో తప్పించుకుపోతే, దొరికిన ఇద్దరి కుడిచేతులు నరికేశారు కాంట్రాక్టరు మనుషులు. ఇటుక చేసే చెయ్యి తమ సొత్తన్న నమ్మకం లేకపోతే ఆ పని చెయ్యగలరా?

వాళ్లు ఇష్టపడే అడ్వాన్సు తీసుకున్నారు గదా అనే వాదన ఒకటి ప్రతిసారీ వస్తుంది. సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో దీనికి జవాబు చెప్పేసింది. ఆకలి వల్ల ఒప్పుకుని కనీస వేతనం కంటే తక్కువకి పనిచేస్తే అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరేనని తేల్చింది. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నుంచి ఉంది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. చట్టం లేక కాదు.

6. ఏం కొలుస్తున్నాం?

అంతర్జాతీయ వ్యాపారంలో ఇటుకకి ఒక సంకేత సంఖ్య ఉంది, 6904. యూరప్‌లో అమ్మాలంటే ఈఎన్ 771-1 ప్రమాణం ఉంది. మన దేశంలో ఐఎస్ 1077 ఉంది. ఇటుక ఎంత బరువు మోస్తుందో కొలుస్తారు. 24 గంటలు నీళ్లలో నానబెట్టి ఎంత నీరు పీల్చిందో తూస్తారు. పొడుగు, వెడల్పు, మందం చూస్తారు. ఉప్పు తేలుతుందేమో చూస్తారు. ఇంత పరీక్ష పెట్టేవాళ్లు ఆ ఇటుక చేసిన కుటుంబం మీద ఎంత అప్పుందో అడగరు. అడిగే గడి ఆ కాగితంలో లేదు.

అమెరికా కార్మిక శాఖ బాలకార్మికులతో, బలవంతపు చాకిరితో తయారయ్యే సరుకుల జాబితా వేస్తుంది. అందులో ఇటుక ఉంది, భారత్, పాకిస్తాన్, నేపాల్, అఫ్గానిస్తాన్ పేర్ల పక్కన. బ్రిటన్‌లో 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం పెద్ద కంపెనీల్ని తమ సరఫరా గొలుసు గురించి ఏటా ప్రకటన ఇమ్మంటుంది. చెయ్యమనేది ప్రకటన ఒక్కటే. ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా నిబంధన పాటించినట్టే.

అలాగని విదేశాలు మన ఇటుక కొనడం మానేస్తే చాలనుకోవడం పొరపాటు. భారత్ ఏటా 20 వేల కోట్లకు పైగా ఇటుకలు చేస్తుందని అంచనా, చైనా తర్వాత మనమే. అందులో ఓడెక్కేది పిడికెడు. మిగతాదంతా మన అపార్ట్‌మెంట్లు, మన కాలేజీలు, మన గుళ్లు, ప్రభుత్వం కట్టిచ్చే పేదల ఇళ్లు. కాబట్టి నిలదీయాల్సిన కొనుగోలుదారు లండన్‌లో కంటే ముందు ఇక్కడున్నాడు.

మాల మాదిగ ఇల్లు అద్దెకివ్వని ఇంటికి ఆ ఇటుక అంటు కాదు. ఏ కులం కాళ్లు తొక్కిన మట్టో అడక్కుండానే దేవుడి గది గోడ లేస్తుంది. గృహప్రవేశానికి ఆవుని తిప్పుతారు. కులం అంటే పని విభజన కాదు, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడదీయడం అని అంబేడ్కర్ 1936లోనే తేల్చారు. బట్టీలో ఆ మెట్లు కళ్లకి కడతాయి. మట్టి తొక్కి అచ్చు పోసేవాళ్లు ఒకరు, నిప్పు చూసేవాళ్లు ఒకరు, లెక్క రాసేవాళ్లు ఒకరు, అడ్వాన్సిచ్చేవాళ్లు ఒకరు. పైకి పోయే కొద్దీ మట్టి తగ్గుతుంది, కులం పెరుగుతుంది.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుదాం. దేశంలో ఇటుకలు పెద్ద ఎత్తున కొనేవాళ్లలో ప్రభుత్వం ఒకటి. ప్రభుత్వ ఇళ్ల టెండర్లలో ఇటుక బిల్లుతో పాటు బట్టీ కూలీల వేతన పట్టిక కూడా ఎందుకు అడగరు? వేతనం బ్యాంకు ఖాతాలో పడిందని, అడ్వాన్సు పేరుతో బాకీ లేదని రుజువు చూపిన బట్టీ నుంచే కొంటామని ఒక జీవో ఎందుకు రాకూడదు? పథురియా పేరుతో భార్య కూలి భర్త లెక్కలో కలిపేస్తుంటే, ఆమె పేరు మీద వేరే లెక్క రాయమని కార్మిక శాఖ ఎందుకు పట్టుబట్టదు? విడుదలైన వెట్టి కూలీకి కలెక్టర్ ఇవ్వాల్సిన విడుదల పత్రం, పునరావాసం డబ్బు చేతికందేదాకా వెంటబడే పని మన సంఘాలది కాదా?

మీ ఊరి దగ్గర బట్టీ ఉంటే ఒకసారి వెళ్లి రండి. ఫొటోల కోసం వద్దు. అడ్వాన్సు ఎంత, వెయ్యికి ఎంత, లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంది, పిల్లలు బడికి పోతున్నారా అని అడిగి రాసుకోండి. కూలీల పేర్లు బయట పెట్టకుండా ఆ వివరాలు ఇక్కడ కామెంట్లలో పెడితే ఒక చోట చేర్చి కార్మిక శాఖకి ఇద్దాం. టెలిగ్రామ్ పంపే రోజులు పోయాయి గానీ, దర్శన్ మసీహ్ చేసిన పని ఇప్పటికీ చెయ్యొచ్చు.

వచ్చే భాగం ఇసక మీద.

జై భీమ్.